డిక్కీ గ్యాపు తలుపు దగ్గర మొదలవుతుంది

(నెల్లూరు ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీలకు, ఐటీఐ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్ద మేస్త్రీలకు దణ్ణాలు. వెనకాల నిలబడ్డ పిల్లలు కాస్త ముందుకి రండి. నేను చూపించబోయేవి దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తాయి.

రంగు గీకి, సీట్లు, గాజులు తీసి మధ్యలో నిలబెట్టిన ఈ బాడీ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారుది. మార్క్ త్రీ, 1968 నాటిది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. మద్రాసు నుంచి మన షెడ్డుకి వచ్చింది. పొద్దుటి నుంచి దీని చుట్టూ తిరిగి చూసిన వాళ్ళలో చాలామంది ఒకే మాట అన్నారు. డిక్కీ మూత ఎడమ పక్క ఫెండరుకి రాసుకుంటోంది, కుడి పక్క చిటికెన వేలు పట్టేంత సందుంది, హింజీ కొంచెం జరిపితే సరిపోద్ది కదా అని.

సరిపోదు. హింజీ జరిపితే మూత కుడికి పోతుంది, నిజమే. అప్పుడు వెనక అంచు వంకరవుతుంది. దాన్ని సరిచేసేదానికి తాళం జరుపుతాం. తాళం జరిపితే మూత ఒక మూల పైకి లేస్తుంది. ఆ మూలని అణిచేదానికి సుత్తి తీస్తాం. సాయంత్రానికి గ్యాపు బాగుంటుంది, మూత ఆకారం పోతుంది. ఆ తర్వాత లప్పం డబ్బా తెరుస్తాం. ఈ కారు ఇక్కడికి వచ్చేటప్పటికి అట్టానే ఉంది. ఎవరో ఎక్కడో చేసిన పని. కుడి ఫెండరు మీద అయస్కాంతం పెడితే నిలవలేదు, జారి కింద పడింది. గీకితే కొన్ని చోట్ల వేలి మందాన లప్పం వచ్చింది. దాని అడుగున రేకు మాత్రం చాలావరకు బాగానే ఉంది. అంటే సొట్ట దాచేదానికి పెట్టిన లప్పం కాదది. ఫెండరు కూర్చోవాల్సిన చోట కూర్చోలేదు. ఆ తేడా కనపడకుండా మెత్తారు.

ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. వెనక రేకులు వాటంతట అవి పక్కకి పోవు. చాసిస్ మీద బాడీ ఎట్టా కూర్చుందో దాన్ని బట్టి తలుపు కింద పొడుగునా ఉండే రన్నింగ్ బోర్డు, రన్నింగ్ బోర్డుని బట్టి తలుపు, తలుపుని బట్టి వెనక ఫెండరు, ఫెండర్లని బట్టి డిక్కీ మూత. చివర కనపడే తప్పుకి మొదలు ముందెక్కడో ఉంటుంది. కాబట్టి కొలత కూడా ముందు నుంచే మొదలు పెట్టాలి.

ఈ కారు కట్టుబడి కొంచెం చెప్తాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. పెద్దవాళ్ళకి స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుంటుంది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు తయారు చేశారు. మన ట్రంకు రోడ్డు మీద తిరిగిన బండే. ఇంగ్లండులో అది ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. గీసింది ఇటలీ ఆయన, జొవాన్ని మికెలొట్టి. అప్పట్లో ఆ కంపెనీకి మొత్తం బాడీని ఒకే చోట చేయించుకునే వసతి లేకపోయింది. అందుకని ముక్కలు ముక్కలుగా చేయించి, బలమైన చాసిస్ మీద బోల్టులతో బిగించారు. హెరాల్డ్‌లో వెనక బాడీ మొత్తం బోల్టులు విప్పి దించొచ్చు. గ్యాపు తేడా వస్తే వాషరు వేసో, తీసో సరిచేయొచ్చు. మన ముందు తరం మేస్త్రీలు ఈ వాషరు పనిలో ఆరితేరారు.

1962లో అదే హెరాల్డ్ చాసిస్‌ని పొట్టి చేసి స్పిట్‌ఫైర్ కట్టారు. హెరాల్డ్‌లో ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య 2324 మి.మీ. ఉంటే, దీంట్లో 2108. మికెలొట్టినే గీశాడు. ముందు బానెట్ ఫెండర్లతో సహా ఒకే ముక్కగా పైకి లేస్తుంది, అదీ హెరాల్డ్ పద్ధతే. అయితే బరువు తగ్గించేదానికి చాసిస్ రెండు పక్కలా ఉండే పట్టీలు తీసేశారు. మిగిలింది నడుమ వెన్నెముక లాంటి దూలం ఒకటే. పక్కల బలం మొత్తం రన్నింగ్ బోర్డుల మీద పడింది. చూడండి, ఇది మామూలు అలంకారపు రేకు కాదు. లోపలి రేకు, నడుమ బలానికి ఇంకో రేకు, బయటి రేకు, మూడు కలిపి ఒక పెట్టె. పైన కప్పు లేని కారు కాబట్టి ఈ రెండు పెట్టెలు తుప్పు పడితే బాడీని పట్టి ఉంచేది ఇంకేమీ లేదు.

ఇంకో సంగతి. వెనక చక్రాన్ని ముందుకి, వెనక్కి కదలకుండా పట్టుకునే రేడియస్ ఆర్మ్ కడ్డీ ఉంది కదా, హెరాల్డ్‌లో అది చాసిస్‌కి ఉంటుంది. దీంట్లో బాడీకే బిగించారు, సీటు వెనక నిలువు రేకుకి. ఇదిగో ఈ బ్రాకెట్టు. దీని కింద షిమ్ములు, అంటే పల్చని ప్యాకింగ్ రేకులు ఉంటాయి. ఏ పక్క ఎన్ని ఉన్నాయో విప్పకముందే రాసి పెట్టుకోండి. ఈ చోట రేకు మెత్తబడితే చక్రం దిశ మారిపోతుంది. అందుకే ఈ కారు వెనక బాడీ పని అందానికి మాత్రమే చేసే పని కాదు. తోక వంకరగా వెల్డింగ్ అయిందంటే, హైవే మీద 80లో పోయేటప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. మనిషి ప్రాణం దాని మీద ఉంటుంది.

ఇప్పుడు తలుపు దగ్గరకి రండి. ఈ తలుపు వెనక అంచుకి, ఫెండరు ముందు అంచుకి మధ్య గ్యాపు చూడండి. కింద 4 మి.మీ., పైన 7. ఇది ఏం చెప్తోంది? పైన గ్యాపు ఎక్కువైందంటే తాళం పిల్లరు, అంటే తలుపు తాళం పడే వెనక పిల్లరు, పైభాగం వెనక్కి వాలింది. అంటే తోక కిందికి దిగింది. అదే పైన గ్యాపు తక్కువై, తలుపు పై మూల రాసుకుంటుంటే, బాడీ నడుము కుంగింది. ఈ రెండూ గుర్తుంటే సగం కార్లకి టేపు తీయకముందే జబ్బు తెలిసిపోతుంది.

లెక్క కూడా వేసి చూద్దాం, పిల్లలకి పనికొస్తుంది. తాళం పిల్లరు నుంచి తోక చివరకి సుమారు 1200 మి.మీ. అనుకోండి. తలుపు ఎత్తు సుమారు 500. తోక 6 మి.మీ. కిందికి దిగితే, 6ని 1200తో భాగిస్తే వచ్చే వాలు ఎంతో, పిల్లరు కూడా అంతే వాలుతుంది. 500 ఎత్తు మీద అది రెండున్నర మి.మీ. తలుపు పైన మీకు కనిపించే ఆ రెండున్నర, వెనక ఆరు. డిక్కీ మూత దగ్గర ఎన్ని రోజులు కుస్తీ పట్టినా ఆ ఆరు ఎక్కడికి పోతుంది?

ఊళ్ళో ఇల్లు కట్టేటప్పుడు చూసుంటారు. పసుపు కుంకుమ పెట్టి ముందు ద్వారబంధం నిలబెడతారు. గుండు వేసి, మట్టం చూసి, అది కదలకుండా ఆన్చాక దాన్ని పట్టుకుని గోడ లేపుతారు. గోడ కట్టేశాక ద్వారబంధం కోసం బొక్క కొట్టరు. కారుకి కూడా తలుపే ముందు. ముందు పిల్లరు, అంటే హింజీలు బిగించే పిల్లరు, సాధారణంగా ఈ కార్లలో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. దానికి తలుపు వేలాడదీసి, తలుపుని పట్టుకుని వెనక్కి పోండి.

తలుపు బిగించే ముందు బండిని నిలబెట్టే పద్ధతి ఉంది. చాలా షెడ్లలో బాడీని నడుమ ఒక చోట, వెనక ఒక చోట స్టాండ్ల మీద పెట్టి కోత మొదలు పెడతారు. స్టాండు ఎక్కడ పెడితే బాడీ అక్కడ వంగుతుంది. రన్నింగ్ బోర్డు కోసేశాక అయితే చేత్తో నొక్కినా వంగుతుంది. కాబట్టి బాడీ చాసిస్‌కి బిగించే ఉండాలి, చాసిస్ తన చక్రాల మీద నిలబడినప్పుడు బరువు ఎక్కడ పడుతుందో అక్కడే స్టాండ్లు ఉండాలి. ఇంజను దించేసి ఉంటే ముందు పక్క ఆ మేరకి బరువు పెట్టండి. ఇసుక మూటలు చాలు.

స్టాండ్ల కింద నల్లరాళ్ళు చూశారు కదా. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, ఫ్యాక్టరీల దగ్గర మిగిలిన కటింగ్ ముక్కలు. మన షెడ్ల గచ్చు నీళ్ళు పోయేదానికి వాలుగా ఉంటుంది, పాత గచ్చయితే స్టాండు కాలు దిగబడుతుంది కూడా. అడుగున ఇసుక పరిచి ఈ పలక వేస్తే స్టాండు కదలదు. మందం ఒకే తీరుగా కోసిన రాయి కాబట్టి ఎత్తు సరిచేసేదానికి కూడా పనికొస్తుంది. పలక మీద స్టాండు కాళ్ళ చుట్టూ గీత గీసి పెట్టాను. పని నడుమ బండి జరిపినా మళ్ళీ అదే గీతలోకి రావాలి.

ఎత్తులు చూసేదానికి లేజరు కొనక్కరలేదు. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు ఉంటే చాలు. ట్యూబులో గాలి బుడగ ఉందంటే కొలత తప్పుతుంది, అదొక్కటి చూసుకోండి. ఎడమ రన్నింగ్ బోర్డు ముందు, వెనక. కుడిది ముందు, వెనక. డిక్కీ నేల నాలుగు మూలలు. ఇన్ని చోట్లా ఎత్తు రాసుకోండి. తర్వాత టేపుతో ఎదురు మూలలు. తలుపు ఖాళీలో ఎదురు మూలలు, డిక్కీ ఖాళీలో ఎదురు మూలలు, ఎడమ ముందు పిల్లరు నుంచి కుడి తాళం పిల్లరుకి, కుడి నుంచి ఎడమకి. ఈ బండికి డిక్కీ ఖాళీలో ఎదురు మూలల తేడా 9 మి.మీ. వచ్చింది. 3 లోపు ఉంటే నేను ఒప్పుకుంటాను. 9 అంటే ఖాళీ నలుచదరంగా లేదు, పక్కకి నొక్కేసినట్టుంది. ఆ వంకర ఖాళీలో ఏ మూతా సరిగా కూర్చోదు. పొద్దున హింజీ జరపమన్న వాళ్ళకి ఇదీ నా సమాధానం.

తోక దిగినందుకు వెంటనే కట్ చేయాల్సిన పని కూడా లేదు. ముందు బాడీ బోల్టులు చూడండి. బాడీకి, చాసిస్‌కి నడుమ ప్యాకింగ్ ఉంటుంది. రబ్బరు ఎండిపోయి పిండయినా, ఎవరో విప్పి తక్కువ వాషర్లు వేసినా, తోక దిగుతుంది. ఇక్కడ వెనక ఎడమ బోల్టు కింద ప్యాకింగే లేదు. నట్టు బిగించి బాడీని కిందికి లాగేశారు. వెనక ప్యాకింగ్ పెంచితే తోక లేచి, తలుపు పైన గ్యాపు తగ్గుతుంది. ఒక్కో వాషరుకి గ్యాపు ఎంత మారుతుందో ఇప్పుడు మీ చేత్తోనే చేయిస్తాను.

రన్నింగ్ బోర్డు మార్చాల్సి వస్తే ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. కోయకముందే తలుపు ఖాళీలో ముందు పిల్లరు నుంచి తాళం పిల్లరుకి ఇనుప గొట్టం అడ్డంగా వెల్డింగ్ పెట్టండి. తలుపు వేసి, తీసి చూసుకునే వీలుండేట్టు లోపలి పక్కకి పెట్టుకోవాలి. ఇంతకు మించి దాని గురించి చెప్పను, వేరే రోజు పూర్తి తరగతి అవుతుంది.

(సభలోంచి ఒక మేస్త్రి: అన్నా, ఫెండరు పాతది ఉంచాలా, కొత్తది తెప్పించాలా?)

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. ఎంతవరకు ఉంచగలిగితే అంతవరకు పాతది ఉంచు. బయట నుంచి వచ్చే కొత్త రేకు కొలత ప్రకారం వస్తుందని నమ్మొద్దు. అంచు వంపు కొంచెం తేడా, పొడవు కొంచెం తేడా ఉంటుంది. పాత ఫెండరు పై సగం, తలుపు పక్కన అంచు, ఇవి కంపెనీ అచ్చులో పడ్డ గీతలు. ఎక్కువగా తినేసేది కింద భాగమే. చక్రం ఆర్చి అంచు, రన్నింగ్ బోర్డు వెనక కొస, డిక్కీ నేల మూలలు. ఆర్చి అంచు రెండు రేకులు అతికిన చోటు, చక్రం చిమ్మిన బురద అక్కడ ఇరుక్కుని తడి ఆరదు. మన దగ్గర ఇంకో బాధ ఉంది. మైపాడు, కొత్తపట్నం పక్క కాపురం ఉన్న వాళ్ళ బండ్లు చూడండి, ఉప్పుగాలి పైకి కనపడదు, మూసుకున్న పెట్టెలాంటి చోట్ల లోపల నుంచి తింటుంది. కాబట్టి కింది ముక్క కోసి కొత్తది అతికించు, పై భాగం ఉంచు.

ఇంకో కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో పాతకాలపు బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. అట్టాంటి బండికి నెంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. బాడీ తీరు మార్చేస్తే ఓనరుకి ఆ కాగితం దగ్గర ఇబ్బంది. ఈ మాట పని ఒప్పుకునేటప్పుడే ఓనరుకి చెప్పాలి.

సరే, ఫెండరు బిగించే సంగతి. నేను దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, కోపం తెచ్చుకోవద్దు. వెల్డింగ్ చేయకుండా, అన్ని రేకులూ ఒకేసారి బండి మీద నిలబెట్టి చూడాలి. రెండు ఫెండర్లు, సీట్ల వెనక పెట్రోలు మూత ఉండే పై రేకు, డిక్కీ మూత, వెనక బంపర్ల కింద రేకు, అన్నీ. ఒక్కటి బిగించి వెల్డింగ్ పెట్టేసి, తర్వాత రెండోది తెచ్చి పెడితే, రెండోదాన్ని మొదటిదానికి తగ్గట్టు నరకాల్సి వస్తుంది. వైస్ గ్రిప్పులతో పట్టించండి. పట్టు దొరకని చోట చిన్న స్క్రూలు వేయండి, ఆ చిల్లులు తర్వాత వెల్డింగ్‌తో పూడిపోతాయి.

తలుపు గ్యాపు చూసి ఫెండరు ముందు అంచు పెట్టండి. గ్యాపుతో పాటు ఎత్తు కూడా చూడాలి. తలుపు మీద అరచెయ్యి పెట్టి వెనక్కి, ఫెండరు మీదకి జరపండి. కింద పల్చని నూలు గుడ్డ పెట్టుకుంటే చెయ్యి రేకుకి పట్టుకోదు, చిన్న మెట్టు కూడా తెలుస్తుంది. ఫెండరు తలుపు కంటే పైకి ఉండకూడదు. తేడా ఉండక తప్పకపోతే వెంట్రుక వాసి లోపలికి ఉన్నా ఫర్వాలేదు, గాలికి ఎదురుగా అంచు కనపడదు.

ఇప్పుడు డిక్కీ మూత. మూత కొత్త రబ్బరుతో, తాళంతో పెట్టి చూడాలి. రబ్బరు లేకుండా బ్రహ్మాండంగా కూర్చున్న మూత, కొత్త రబ్బరు పెట్టగానే ఒక పక్క లేస్తుంది. రంగు మందం కూడా లెక్కలో ఉంచుకోండి. ప్రైమరు, రంగు, లాకరు కలిపి ఒక్కో అంచున పావు మి.మీ. దాకా చేరుతుంది. రెండు అంచులు కలిస్తే అర మి.మీ. పచ్చి రేకు మీద నాలుగున్నర పెడితే రంగు అయ్యాక నాలుగు వస్తుంది. ఈ కారు వెనక రెండు మూలలా విడివిడిగా చిన్న బంపర్లుంటాయి. వాటిని కూడా తెచ్చి పట్టి చూడండి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అయితే పది అడుగుల దూరం నుంచి చూసినవాడికి కూడా తెలిసిపోతుంది. అప్పుడు వెనక నుంచి నూలుదారం కట్టి, నడుమ గుర్తు నుంచి రెండు పక్కలా కొలవండి.

(ఒక విద్యార్థిని: సార్, గ్యాపు కావాల్సిన దానికంటే ఎక్కువుంటే అంచుకి రేకు అతికించొచ్చా? తక్కువుంటే గ్రైండర్ పెట్టొచ్చా?)

ఎక్కువుంటే అతికించొచ్చమ్మా, కానీ రేకు కాదు. 1.6 మి.మీ. వెల్డింగ్ వైరు అంచు పొడుగునా పెట్టి, చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేసి, ఆకురాయితో రాయి. అంచు కొత్తగా వచ్చినట్టుంటుంది. తక్కువుంటే మాత్రం తలుపు అంచు మీద గ్రైండర్ పెట్టొద్దు. తలుపు బయటి రేకు అంచు లోపలికి మడిచి ఉంటుంది. మడత అరిగితే రేకు రెండుగా విడిపోతుంది. గ్యాపు తక్కువైతే దాని కారణం ఫెండరు దగ్గరో, ప్యాకింగ్ దగ్గరో వెతుకు. అవన్నీ అయ్యాక కూడా మిగిలితే ఫెండరు అంచుని డాలీ మీద, అంటే రేకు అడుగున ఆనించే ఇనుప దిమ్మ మీద, కొద్దికొద్దిగా కొట్టి లోపలికి తీసుకో.

ఇంకో విషయం మన ఊళ్ళకే సంబంధించింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రేకు మాటేంది? ఉక్కు ఒక మీటరు పొడవు మీద ప్రతి డిగ్రీ వేడికి సుమారు 0.012 మి.మీ. పెరుగుతుంది. పొద్దున 28 డిగ్రీల్లో ఉన్న ఒకటిన్నర మీటరు రేకు, ఎండలో 65 దాకా కాలిందనుకోండి. 37 డిగ్రీల తేడా. 0.012ని ఒకటిన్నరతో, 37తో గుణిస్తే 0.67 మి.మీ. అంటే సుమారు మూడింట రెండు వంతులు. షెడ్డు తలుపు లోంచి ఒక పక్క ఫెండరు మీదే ఎండ పడుతుంటే ఒక పక్క మాత్రమే పెరుగుతుంది, ఇంకో పక్క అట్టానే ఉంటుంది. అందుకే ఆఖరి కొలత ఎప్పుడూ పొద్దున్నే, ఎండ రాకముందు. సాయంత్రం అన్నీ పట్టించి పెట్టి ఇంటికి పోండి. రాత్రంతా బండి చల్లబడుతుంది. పొద్దున వచ్చి టీ తాగకముందే గ్యాపులు చూడండి. అప్పుడు బాగుంటే ఆ రోజు వెల్డింగ్.

వెల్డింగ్ అనగానే పెట్రోలు ట్యాంకు. ఈ కారులో ట్యాంకు సీట్లకి, డిక్కీకి నడుమ ఉంటుంది, సరిగ్గా మనం నిప్పులు కురిపించే చోట. పెట్రోలు తీసేశాం కదా అని ట్యాంకు అక్కడే ఉంచి పని చేసే వాళ్ళున్నారు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలుతుంది. ట్యాంకు, పైపులు తీసి షెడ్డు బయట పెట్టాకే వెల్డింగ్ మిషను ఆన్ చేయాలి. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినొద్దు, ఓనరు అయినా, నేనైనా.

ఫెండరు, పై రేకు కలిసే చోట కంపెనీ వాళ్ళు స్పాట్ వెల్డింగ్ పెట్టారు. మనకి ఆ మిషను లేకపోతే పై రేకుకి 6 మి.మీ. చిల్లులు 40 మి.మీ.కి ఒకటి చొప్పున వేసి, ఆ చిల్లుల్లో సీవోటూ వెల్డింగ్ నింపితే సరిపోతుంది. వరసగా ఒక చివర నుంచి నింపుకుంటూ పోవద్దు. వెల్డింగ్ చల్లారేటప్పుడు రేకు కుంచించుకుంటుంది. వరసగా పోతే ఆ కుంచింపు మొత్తం ఆఖరి చివర చేరి, ఫెండరు తోకని లాగేస్తుంది. నడుమ ఒకటి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మళ్ళీ నడుమకి. ప్రతి నాలుగు చుక్కలకి తలుపు గ్యాపు, డిక్కీ గ్యాపు మళ్ళీ కొలవండి. కింది ముక్క అంచుకి అంచు అతికించే చోట ఇంకా ఓపిక కావాలి. 25 మి.మీ.కి ఒక చుక్క, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక పక్కది. కుంచించుకున్న చుక్కని డాలీ మీద పెట్టి సుత్తితో నెమ్మదిగా కొడితే రేకు మళ్ళీ సాగుతుంది. ఆ కాలం రేకు సుమారు 20 గేజి, 0.9 మి.మీ. మందం. లారీ బాడీ మీద చెయ్యి తిరిగిన వాళ్ళు కరెంటు తగ్గించుకోవాలి, లేకపోతే చిల్లు పడుద్ది.

అన్నీ అయ్యాక ఆకారం చూసేదానికి షెడ్డులో లైట్లు ఆపేసి ఒక్క ట్యూబులైటు పక్కగా, వాలుగా పట్టండి. రేకు మీద నీళ్ళు చల్లితే మెరుస్తుంది. ట్యూబులైటు గీత తలుపు మీద నుంచి ఫెండరు మీదకి విరగకుండా పారాలి. ఎక్కడ గీత మెలిక తిరిగిందో అక్కడ పల్లమో, ఎత్తో ఉంది. వేలితో నొక్కితే టకటక లోపలికి, బయటికి ఆడే చోటుంటే రేకు సాగిపోయింది. రూపాయి బిళ్ళంత చోట ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్దితే కుంచించుకుంటుంది. ఎక్కువ చోట్ల చేయొద్దు.

కంపెనీ వాళ్ళు అతుకుల మీద సీసం పూసేవాళ్ళు. 70 పాళ్ళు సీసం, 30 పాళ్ళు తగరం కలిపిన కడ్డీ 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై, సుమారు 255 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఆ రెండింటి నడుమ వెన్నలా ఉంటుంది, చెక్కతో నెట్టి సర్దొచ్చు. నేను అతుకుల మీద ఇప్పటికీ అదే వాడతాను, లప్పంలా తడి పీల్చదు. కానీ గ్రైండర్ పెట్టొద్దు, సీసం దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆకురాయితోనే రాయాలి, అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి. ఇంట్లో చిన్న పిల్లలుంటే పని బట్టలతో ఇంటికి పోవద్దు. మిగిలిన చిన్న ఎత్తుపల్లాలకి లప్పం వాడండి, దాంట్లో తప్పేమీ లేదు. ఎపాక్సీ ప్రైమరు మీద, 2 మి.మీ.కి మించకుండా. రంగు సంగతి పెయింటరు మేస్త్రీ చూసుకుంటారు.

(ఒక పెద్ద మేస్త్రి: ఇన్ని రోజులు పెడితే కూలి గిట్టుద్దా బాబూ?)

గిట్టేట్టు ముందే మాట్లాడుకోవాలి పెద్దాయనా. ఇది యాక్సిడెంటు బండి కాదు, ఇన్సూరెన్సు వాడు తేదీ పెట్టడు. అన్ని రేకులూ నిలబెట్టి చూసే రోజులు కూడా పని రోజులే అని ఓనరుకి మొదటి రోజే చెప్పండి. పట్టించిన రేకుల మధ్య కొలతలు ఫోటోలు తీసి చూపించండి. డబ్బు ఎక్కడికి పోతుందో కనపడితే ఇచ్చేవాళ్ళు ఇస్తారు. ఇవ్వనని అంటే ఆ బండి తీసుకోకండి. మన దగ్గర రేకు మీద చెయ్యి బాగా తిరిగిన మేస్త్రీలున్నారు, మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి ఈ పని మన ఆటోనగర్‌కి రావాలని నా కోరిక. ఒక్కో బండి సరిగా పోతే రెండోది దాని వెనకే వస్తుంది.

ఇక లేవండి. నలుగురు నలుగురుగా రండి. మొదటి జట్టు నీళ్ళ ట్యూబు పట్టుకుని రెండు రన్నింగ్ బోర్డుల ఎత్తులు చూసి బోర్డు మీద రాయండి. రెండో జట్టు తలుపు గ్యాపు పైన, నడుమ, కింద కొలవండి. ఆ తర్వాత వెనక ఎడమ బోల్టు విప్పి 3 మి.మీ. వాషరు ఒకటి వేస్తాం, మళ్ళీ బిగించి మళ్ళీ కొలుస్తాం. చెయ్యి గడియారాలు, ఉంగరాలు తీసి జేబులో పెట్టుకోండి, అంచులు పదునుగా ఉన్నాయి.